వదిన అడిగిన నీళ్లు

మొన్న మా మనవరాలిని డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంటే తోడుగా నేనూ వెళ్లాను. కరోనా పోయి ఇన్నేళ్లయినా ఆ పిల్ల చేతులు కడుక్కోవడం మానలేదు. సబ్బుతో తోమి తోమి వేళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తురు కనబడుతున్నా మళ్లీ కుళాయి దగ్గరికే పోతుంది, వాళ్లమ్మ బజారుకు పోయి పది నిమిషాలు ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి వణుకుతుంది. డాక్టరమ్మది చిన్న వయసే. ఓపికగా అన్నీ అడిగి, కాగితం మీద రాసుకుని, మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇట్లాంటిది ఉండేదా అంది. లేదండీ అని మా అమ్మాయి ఠక్కున చెప్పింది. పక్కన బల్ల మీద కూర్చున్న నేను నోరు విప్పలేదు. ఆ మాట ఇంటికొచ్చాక కూడా నన్ను వదలడం లేదు. మా అమ్మాయితో చెప్పలేనిది నా ఈడు వాళ్లతో చెప్పుకోగలనేమోనని ఇది రాస్తున్నాను. మీలో కొందరైనా ఆ రోజులు చూసే ఉంటారు.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎన్నో ఏళ్లు కాలేదు. మా గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. గిద్దలూరు నుంచి కొమరోలు పోయే బస్సు దిగి, జొన్నచేల గట్ల మీద కొంత దూరం నడిస్తే మా ఊరు. తమ్ముడి పురిట్లోనే మా అమ్మ పోయింది. అప్పటికే భర్తను పోగొట్టుకున్న మా మేనత్త, తన ఒక్కగానొక్క కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి మమ్మల్ని సాకింది. ఆ పిల్ల నాకంటే ఏడాది పెద్ద, వరసకు వదిన. ఇద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్లం, ఒకే కంచంలో సంగటి తినేవాళ్లం, చివరి ముద్ద కోసం జుట్లు పట్టుకునేవాళ్లం. మా అత్త నవ్వితే పక్కింటి గోడ మీద పిల్లి కూడా ఉలిక్కిపడి దూకేదని మా నాయన వేళాకోళం చేసేవాడు. ఎండాకాలం రాగానే ఆయన గొర్రెల మందను తోలుకుని నల్లమల వైపు పోతే మళ్లీ తొలకరికి గాని వచ్చేవాడు కాదు. ఆ నెలలన్నీ ఇంటికి అత్తే దిక్కు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎండలు ముదిరి బావులు అడుగంటిన రోజుల్లో, ఒక ఉదయం బస్సు మా ఊరి దగ్గర ఆగకుండా పోయింది. మర్నాడూ ఆగలేదు. కిటికీల పరదాలు దించుకుని దుమ్ము రేపుకుంటూ పోతున్న ఆ బస్సును చూసి రోడ్డు పక్కన నిలబడ్డ పెద్దవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ సాయంత్రానికి దండోరా వేశారు: కలరా వచ్చింది, ఏటి నీళ్లు ఎవరూ తాగకూడదు, బావిలో మందు కలుపుతారు. మందు కలిపాక బావి నీళ్లు ఎర్రగా, లేత గులాబీ రంగులోకి తిరిగాయి. మాకు ఆ రంగు చూస్తేనే తాగబుద్ధయ్యేది కాదు. ఊళ్లో ఒక్కో తలుపు మూసుకుపోయింది. పొద్దున లేచి ఏ ఇంటి ముందు కళ్లాపి పడలేదో చూస్తే చాలు, ఎవరింట్లో ఏమైందో తెలిసిపోయేది.

అత్త మా ముగ్గుర్నీ గడప దాటనివ్వలేదు. కానీ పొయ్యిలోకి పుల్లలు కావాలి గదా. ఒక మధ్యాహ్నం నన్నూ వదిననూ పంపింది, ఏటి ఒడ్డున కంపచెట్ల కిందికి, తొందరగా రమ్మని పదిసార్లు చెప్పి. ఏట్లో ఇసుక కాలుతోంది. ఎవరో ఇసుకలో తవ్విన చెలమ కనబడింది. అందులో ఊరిన నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి. వదిన వద్దంది. అమ్మ చంపుతుంది అంది. నేనే పోయి దోసిలితో తాగి, ఆ ఎర్ర నీళ్లకంటే ఇవి ఎంత బాగున్నాయో చూడమని, ఎవరికీ చెప్పనులే రమ్మని దాని చెయ్యి పట్టి లాగాను. అది కూర్చుని తాగింది.

మూడో రోజు తెల్లవారుజామున వదినకు వాంతులూ భేదులూ మొదలయ్యాయి. పొద్దెక్కేసరికి కళ్లు లోపలికి పోయాయి, గొంతు మారిపోయింది, చేతి వేళ్లు చాకలి రేవులో నానినట్టు ముడతలు పడ్డాయి. దానికి ఒకటే యావ, నీళ్లు. అమ్మా కొంచెం నీళ్లీమ్మా అని ఆ మారిపోయిన గొంతుతో అడుగుతూనే ఉంది. పక్కింటి అవ్వ మాత్రం వాకిట్లోనే నిలబడి, చుక్క కూడా పొయ్యొద్దు, పోస్తే పిల్ల దక్కదు అని కేకేసి చెబుతోంది. ఆ కాలంలో అందరూ నమ్మిన మాట అదే. అత్త తడిగుడ్డతో పెదాలు అద్దుతూ, ఇంకొంచెం సేపు ఓర్చుకో తల్లీ అంటూ కూర్చుంది. నేను పెరట్లో నీళ్ల గాబు చాటున తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని చెవులు మూసుకున్నాను. పొద్దు వాలేలోపల ఇంట్లోంచి ఆ అడగడం ఆగిపోయింది.

మోయడానికి నలుగురు దొరకలేదు. దూరపు వరస మామ ఒకాయన బండి కట్టుకొచ్చాడు. అత్త ఏడవలేదు.

నాకేమీ కాలేదు. ఒకే చెలమలో తాగిన నాకు కనీసం కడుపునొప్పి కూడా రాలేదు. ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి నాకు మాట పడిపోయింది. నోరు తెరిస్తే చెలమ సంగతే ముందు బయటికొస్తుందని భయం. పిల్ల బెదిరిందని అందరూ అనుకున్నారు, నాకు వేపమండలతో దిష్టి తీశారు, అంతటితో వదిలేశారు. నల్లమలలో నాయన ఎక్కడున్నాడో కబురు పంపడానికి పోయేవాడు లేడు.

రెండు మూడు వారాల్లో ఊళ్లో కలరా తగ్గుముఖం పట్టింది, బస్సు మళ్లీ ఆగింది. మా ఇంట్లో మాత్రం అప్పుడే ఇంకొకటి మొదలైంది. అత్త నీళ్లు కాచేది, వడకట్టేది, మళ్లీ కాచేది. వెలుతురుకు పట్టి చూసి, ఇందులో పురుగు తిరుగుతోంది చూడండి అని పారబోసేది. మేం మధ్యాహ్నం కాస్త కన్ను మూస్తే చాలు, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, కుదిపి లేపేది. మొదట పూటకొక చిన్న గ్లాసు నీళ్లిచ్చేది, తర్వాత రోజుకొకటి, తర్వాత గరిటెడు. పక్కింటి అవ్వ తలుపు కొట్టి పిలిస్తే, మీ ఇంటి గాలి మా ఇంట్లోకి రానీయొద్దు పో అని లోపలి నుంచి అరిచేది. ఆ అరుపు మా అత్తది కాదు. అంత ప్రేమగా మమ్మల్ని పెంచిన మనిషి, మా మీది ప్రేమతోనే మమ్మల్ని ఎండబెట్టి చంపేస్తోందని తొమ్మిదేళ్ల దాన్ని నాకు అర్థమైంది గాని, ఎవరితో ఏమని చెప్పను?

ఒకరోజు ఎండ మండిపోతుండగా ఇంట్లో కుండలన్నీ వాకిట్లో బోర్లించి, తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చుంది. తమ్ముడు పొద్దుటి నుంచి లేవలేదు. పెదాల మీద తెల్లగా పొక్కు కట్టింది. అక్కా అని కూడా అనడం లేదు, కళ్లు సగం తెరిచి కప్పు వైపు చూస్తున్నాడు. ఆ రోజు నేను పెరట్లోకి పారిపోయే ముందు వదిన కూడా అట్లాగే చూసింది. ఎట్లా వచ్చిందో తెలియదు, ఇన్నాళ్లూ పూడుకుపోయిన నా గొంతు తెరుచుకుంది.

"అత్తా, నేనే తాగించినా. ఏట్లో చెలమ నీళ్లు. వదిన వద్దనింది. నేనే చెయ్యి పట్టుకోని గుంజినా."

అత్త నా వైపు చూసింది. ఇప్పుడు నన్ను చంపుతుందనుకున్నాను. చంపితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె తలుపు వదిలి నా దగ్గరికి జరిగి అడిగింది.

"అది కడుపునిండా తాగిందా?"

"తాగింది. దోసిళ్లకు దోసిళ్లు తాగింది."

"చల్లగుండెనా నీళ్లు?"

"చల్లగుండె అత్తా."

ఆమె ముఖం నెమ్మదిగా చెదిరిపోయింది. "నేను ఇయ్యలేదే బిడ్డా," అంది. "అడిగి అడిగి పాయె. కుండ పక్కనే ఉండె. నేను ఇయ్యలేదు." అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు విని పక్కింటి అవ్వ తలుపు బాదుతుంటే నేనే గడియ తీశాను.

అవ్వ బిందెతో నీళ్లు తెచ్చింది. చెంబుతో ముంచి తమ్ముడి నోటి దగ్గరికి పోనిస్తుంటే అత్త ఆ చెంబు లాక్కుని, ముందు తాను తాగింది, గడగడా, విషం తాగే మనిషిలాగా కళ్లు గట్టిగా మూసుకుని. తర్వాత తనకేమవుతుందోనని గోడకానుకుని కాసేపు కాచుకుంది. ఏమీ కాలేదు. అప్పుడు తమ్ముణ్ణి ఒళ్లోకి తీసుకుని చెమ్చాతో పోసింది. వాడు బతికాడు.

తొలకరికి నాయన వచ్చేసరికి అత్త మంచంలోనే ఉంది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. అవ్వ మూడు నెలలు మా ఇంట్లోనే ఉండి మాకింత వండి పెట్టింది, అత్తకు తల దువ్వింది, నీళ్లు పొయ్యొద్దని తానన్న ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. అత్త మెల్లగా లేచి తిరిగింది, నాకు పెళ్లి చేసింది. కాని ఆ నవ్వు మళ్లీ రాలేదు. చెలమ మాట నాయనకు చెప్పలేదు, నన్ను ఒక్కనాడూ అనలేదు.

చాలా ఏళ్ల తర్వాత, నేను పురిటికి వచ్చి ఉన్నప్పుడు, ఆసుపత్రి నర్సమ్మ ఇంటింటికీ తిరుగుతూ మా గుమ్మంలో నిలబడి, పిల్లలకు భేదులైతే నీళ్లు ఆపొద్దమ్మా, ఉప్పూ చక్కెరా కలిపి ఎంత అడిగితే అంత తాగించండి, నీళ్లు లేకనే ప్రాణం పోయేది అని చెప్పింది. అత్త అరుగు మీద కూర్చుని కొర్రలు చెరుగుతోంది. చేట ఆగింది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. చేట పక్కన పెట్టి లోపలికి పోయి, ఆ పూటంతా బయటికి రాలేదు.

ఆమె పోయి చాలా కాలమైంది, తమ్ముడూ పోయాడు. ఇప్పటి పిల్లలకు పుట్టిన గంట నుంచీ ఫోనులో బొమ్మలే, ఏ ఏడు ఎట్లా ఉన్నారో, ఏ పళ్లు ఎప్పుడు ఊడాయో చూసుకోవచ్చు. భయపడితే ఎందుకమ్మా అని అడిగే మనుషులూ ఉన్నారు. మా వదినకు ఒక్క ఫొటో లేదు. దాని ముఖం చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. ఈ మధ్య కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంటే జడ కనబడుతుంది, భుజాలు కనబడతాయి, ముఖం మాత్రం ఎంత పిలిచినా ఇటు తిరగడం లేదు.