మేకు చుట్టూ గడ్డి

మేత కరువంటే గడ్డి లేకపోవడమే అనుకునేవాళ్లను కవిటి పక్కన తారకేశ్వరరావు కొబ్బరితోటకు తీసుకురావాలి. గడ్డి నడుమెత్తు పెరిగి కంకులు వేసింది. ఆ గడ్డి మధ్యే అతని ఆవు గౌరికి డొక్కలు లోపలికి పోయాయి. ముదిరిన గడ్డిని అది వాసన చూసి తల తిప్పేసుకుంటుంది మరి!

ఒంట్లో సత్తువ ఉన్న రోజుల్లో తారకేశ్వరరావు గడ్డిని తలెత్తనివ్వలేదు. ఇనుప మేకు దిగ్గొట్టి, దానికి ఆవును కట్టి, తాడు అందినంత మేర మేయగానే మేకు పీకి పక్కన పాతేవాడు. తోటంతా తిరిగొచ్చేసరికి మొదటిచోట జానెడు లేతగడ్డి సిద్ధంగా ఉండేది. ఇప్పుడు కిడ్నీలు పాడైపోయాయి. రోజు విడిచి రోజు పలాసలో డయాలసిస్, మిగతా రోజు మంచం. అలాంటి మనిషికి గడ్డితో పందెం ఎక్కడిది! మేకు ఒక్కచోటే ఉండిపోయింది. దాని చుట్టూ నేల గుండు గొరిగినట్టయింది. ఆవును విప్పేస్తే పక్కతోట నాగరాజు కొత్తగా వేసిన కొబ్బరి మొక్కలు మిగలవు.

భార్య మహాలక్ష్మమ్మ పొద్దున్నే జీడిపిక్కల పనికి పోతుంది. పోతూ పోతూ ఆవు మాటే ఎత్తుతుంది.

"నాగరాజు మావ ఆవుని కొంతానన్నాడు. ఇచ్చీద్దుమేటి?"

"అదీ పోతే ఇంక నానేటి సేత్తాను? ఆసుపత్రికి పోడమేనా నా పని?"

పౌరుషం కొద్దీ, ఓపికున్నప్పుడల్లా కొడవలి పట్టి కొంచెం కొంచెంగా నాలుగు చెట్ల మేర కోశాడు. అక్కడ లేతగడ్డి వచ్చింది. ఆ పొద్దున మురిసిపోతూ వెళ్లి మేకు పట్టుకున్నాడు. రాలేదు. ఎడమచేతికి డయాలసిస్ సూదులు గుచ్చుతారు కాబట్టి ఆ చేత్తో బరువు లాగకూడదు. కుడిచేత్తోనే ఊపాడు, కాలితో తన్నాడు, తిట్టాడు. మేకు కదల్లేదు.

చెట్టుకు కడితే తాడు మొద్దుకు చుట్టుకుపోయి ఆవు మెడకు బిగుసుకుంటుంది. చేసేది లేక తాడు విప్పి, కుడి మణికట్టుకు చుట్టుకుని, లేతగడ్డి మధ్య మేకు బదులు తానే కూలబడ్డాడు. గౌరి ఆబగా మేసింది. ఆ చప్పుడు వింటుంటే అతనికి ఎన్నాళ్లకో నవ్వొచ్చింది. అందినంత మేశాక ఆవు ఇంకో నాలుగడుగులు వేసింది. తారకేశ్వరరావు బోర్లా పడ్డాడు. తాడు జారేదాకా అది అతన్ని గడ్డిలో ఈడ్చుకుపోయింది.

సాయంత్రం మహాలక్ష్మమ్మ వచ్చేసరికి గీరుకుపోయిన మొహంతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆవు నాగరాజు తోటలో ఉంది.

"ఏటైనాదయ్యా?"

"మావకి సెప్పు. ఆవుని ఉంచీసుకోమను."

ఆమె వచ్చిన కాళ్లతోనే నాగరాజు ఇంటికి నడిచింది.

ఆవు పోయాక వానలు పడ్డాయి. ఓ పొద్దున పలాస బయల్దేరుతూ తోటకేసి చూశాడు. మేకు అక్కడే ఉంది. దాని చుట్టూ, గౌరి ఒక్క పరక మిగల్చకుండా గీకేసిన నేలంతా జానెడు లేతగడ్డి.

"ఇప్పుడొచ్చినావేటే, దొంగముండా!" అని గడ్డిని తిట్టి, తారకేశ్వరరావు భోరున ఏడ్చాడు.