గ్యాస్‌నూనె చెయ్యి

నలుగురు కలిసి వడ్లు దంచుతున్నప్పుడు ఒక రోకలి పడకపోతే చెవికి ఎలా తెలుస్తుందో, ఇంజను ఒక దెబ్బ తప్పితే నాకు అలా తెలిసేది. మెకానిక్కులం దాన్ని మిస్సింగ్ అంటాం. జనగామలో రైలు గేటు దగ్గర ఉండేది నా షెడ్డు. బండి లోపలికి వస్తుండగానే చప్పుడు విని, బానెట్ ఎత్తకముందే రోగం ఏమిటో చెప్పేవాణ్ణి. పదిసార్లలో తొమ్మిదిసార్లు నా మాట నిజమయ్యేది. ఆ తొమ్మిదీ నా నెత్తికెక్కి కూర్చున్నాయి.

ఈ పనిలో నన్ను పెట్టింది మా అక్క మొగుడు, మా బావ. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడి నా చదువు ఒక ఏడాది పోయింది. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అని మా నాయిన ఎదురుచూస్తుంటే, బావ నా చెయ్యి పట్టుకుని తాను బండి బాగుచేయించుకునే షెడ్డుకు తీసుకుపోయాడు. "మా బామ్మర్ది చెవి మంచిగుంటది ఉస్తాద్, పెట్టుకో," అని చెప్పాడు. ఉస్తాద్ తర్వాత ఆ షెడ్డు నాదయింది. బావ మాత్రం తొర్రూరులో ఒక పటేలు దగ్గర జీపు డ్రైవరుగానే ఉండిపోయాడు. పెట్రోలు జీపు అది. పొద్దున లేస్తే దాన్ని తుడవడమే పని. "నన్ను గూడ గా జీపు లెక్క చూసుకుంటే నా బతుకు బంగారమయ్యేది," అని అక్క ఎత్తిపొడిస్తే, "నువ్వు గూడ తాళంచెవి తిప్పంగనే మాట ఇను, సూస్కుంట," అని నవ్వేవాడు.

ఒక ఎండాకాలం ఆ జీపుకు మిస్సింగ్ పట్టుకుంది. మరిపెడ దారిలో గుంతలు మొదలవగానే దెబ్బలు తప్పేది, ఒక్కోసారి ఆగిపోయేది. జనగామ తెచ్చి షెడ్డులో నిలబెడితే మాత్రం పెళ్ళిచూపులకు కూర్చోబెట్టిన పిల్లలా బుద్ధిగా నడిచేది. మొదటిసారి ప్లగ్గులు మార్చాను. రెండోసారి పాయింట్లు, కండెన్సరు మార్చి, ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే కాయిల్ కూడా విప్పి వేరేది పెట్టి చూశాను. ఆ కాయిల్‌కు కరెంటు తెచ్చే తీగను కంటితో చూసి వదిలేశాను. దాని పైతొడుగు ఎక్కడా చిట్లలేదు, చిరగలేదు. ఇంకేం చూస్తాం అనుకున్నాను.

మూడోసారి బావతో పాటు పటేలు స్వయంగా వచ్చాడు. ముందురోజు మానుకోటలో పదిమంది పెద్దమనుషులు చూస్తుండగా జీపు ఆగిపోయి, తోయించుకోవాల్సి వచ్చిందట. షెడ్డు నిండా మనుషులు ఉన్నారు. "ఏందిర మిస్త్రీ, నీకు పని ఒస్తదా రాదా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేయాల్సినవన్నీ చేశాను, ఇంకేం మిగిలిందని కార్బురేటరు విప్పాను. ఎప్పటిలాగే దాన్ని డబ్బాలో కిరోసిన్ పోసి కడిగాను. కిరోసిన్ను మా దగ్గర గ్యాస్‌నూనె అంటారు. కార్బురేటరులోనూ ఏమీ దొరకలేదు. ఇక అనుమానం పెట్రోలు మీదికి పోయింది. డ్రైవర్లు పెట్రోలు తీసి అమ్ముకుని బదులు గ్యాస్‌నూనె కలుపుతారన్న మాట అప్పట్లో ప్రతి యజమాని నోటా ఉండేది. దానికి మా పరీక్ష ఒకటి ఉంది. అరచేతిలో కొంచెం పోసుకుని ఊదాలి. ఒట్టి పెట్రోలైతే చల్లగా తగిలి ఆరిపోతుంది. గ్యాస్‌నూనె కలిసి ఉంటే జిడ్డు మిగులుతుంది. ట్యాంకులోంచి తీసి అందరి ముందూ అరచేతిలో పోసుకుని ఊదాను. జిడ్డు మిగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన కూడా కొట్టింది.

బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన మొహం చూడకుండా, "గ్యాస్‌నూనె కలిసింది పటేలా," అన్నాను. అక్కడితో నోరు మూసుకున్నా కొంత నయంగా ఉండేది. "బావయితేంది, తప్పు తప్పే," అని కూడా అన్నాను. పెద్ద ధర్మరాజునైనట్టు ఛాతీ విరుచుకున్నాను. నిజానికి నా పనితనం మీద పడ్డ మచ్చను తీసి ఆయన మీద పూశాను, అంతే.

"నేను కలపలే," అన్నాడు బావ.

పటేలు చెయ్యి చాపాడు. బావ జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టి, నా వైపు తిరిగాడు. "మంచిగ సూసినవా బామ్మర్ది?"

"సూసిన," అన్నాను.

ట్యాంకు కడిగించి కొత్త పెట్రోలు పోశాక జీపు కొన్నాళ్ళు బాగానే నడిచింది. దాంతో నా మాట శిలాశాసనం అయింది. పెట్రోలు దొంగ అన్న పేరు బావ కంటే ముందు ఊళ్ళు తిరిగింది. తొర్రూరులోనూ మానుకోటలోనూ ఎవరూ ఆయన చేతికి బండి ఇవ్వలేదు. చివరికి అక్కను తీసుకుని టేకుమట్ల దగ్గర తన తల్లి ఊరికి పోయి, ఒక రైతు దగ్గర జీతం కుదిరాడు. స్టీరింగ్ తప్ప ఏదీ పట్టని మనిషి నాగలి పట్టాడు. పోయేటప్పుడు అక్క మా ఇంటికి రాలేదు.

నాట్లు పడుతుండగా అదే జీపు మళ్ళీ నా షెడ్డుకు వచ్చింది. కొత్త డ్రైవరు, అదే మిస్సింగ్. ఈసారి ఇంజను నడుస్తుండగానే ఒక్కొక్క తీగనూ వేలితో కదుపుతూ పోయాను. స్విచ్చి నుంచి కాయిల్‌కు పోయే తీగ మధ్యలో ఒక రేకు రంధ్రంలోంచి వస్తుంది. ఆ చోట కొంచెం వంచగానే దెబ్బ తప్పింది. ఇంకొంచెం వంచితే ఇంజను ఆగిపోయింది. తొడుగు కోసి చూశాను. పైకి నిక్షేపంగా ఉన్న తీగలో రాగి పోగులు దాదాపు అన్నీ తెగిపోయి ఉన్నాయి. గుంతల్లో కుదిపినప్పుడు విడిపోతున్నాయి, నిలబెడితే మళ్ళీ అంటుకుంటున్నాయి. ఆ రోజు కార్బురేటరు తిరిగి బిగించేటప్పుడు నా చెయ్యి తగిలి తీగ కదిలి, కొన్నాళ్ళు అంటుకుని ఉంటుంది. జానెడు తీగ మార్చాను. జీపు బాగయింది.

మరి ఆ జిడ్డు ఎక్కడిది? అదే ఆలోచిస్తూ మసి పోవడానికి చేతులు గ్యాస్‌నూనె డబ్బాలో ముంచి కడుక్కున్నాను. గుడ్డతో తుడుచుకుని అరచెయ్యి చూసుకున్నాను. నిగనిగలాడుతోంది. ఆ రోజు కార్బురేటరు కడిగి, తుడుచుకుని, ఇదే చేతిలో పెట్రోలు పోసుకున్నాను. జిడ్డు నా చేతిది. వాసన నా చేతిది.

పటేలుకు ఆ రోజే చెప్పాను. "పోనియ్ మిస్త్రీ, అయిందేదో అయింది. గీ డ్రైవర్ గూడ మంచిగనే ఉన్నడు," అన్నాడు.

ఆ రోజే నేను బస్సెక్కాల్సింది. షెడ్డులో పని ఉందనుకున్నాను. వానలు తగ్గాక పోదామనుకున్నాను. పరకాల అవతల వాగు పొంగి బస్సులు ఆగిపోయాయని ఎవరో చెబితే, సిగ్గు లేదు, లోపల సంబరపడ్డాను. కార్డు రాద్దామని కూర్చున్నాను. అక్కాబావలిద్దరికీ చదువు రాదు, ఎవరితోనో చదివించుకుంటారు, నా తప్పు ఊరంతా తెలుస్తుందని చించేశాను. ఊరంతా తెలియాల్సింది అదే కదా! దొంగ అని చెప్పడానికి నలుగురు కావాల్సి వచ్చారు, కాదని చెప్పడానికి మాత్రం చాటు వెతుక్కున్నాను. అట్లా వారం వారం దొర్లిపోయింది.

కోతలప్పుడు కబురు వచ్చింది. బావకు కామెర్లయ్యాయి. భూపాలపల్లి దిక్కు ఎవరో పసరు పోస్తారంటే అక్కడికి తీసుకుపోయారు. దానితో తగ్గలేదు. వరంగల్ దవాఖానకు తెచ్చేలోపే దారిలో ప్రాణం పోయింది. నేను పోయేసరికి అంతా అయిపోయి మూడో రోజు. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి తిడుతుందనుకున్నాను. పక్కన చోటు చూపించింది.

"నీ మీద ఒక్క మాట పడనియ్యలేదు తమ్మీ," అంది. "నేను తిడితే గూడ ఊకునేటోడు గాదు. 'ఆడు బండి సంగతిల తప్పు చెప్పడే, బంకుల్నే కలిపి ఉంటరు, నేనే జర సూసి పోయించుకోకపోతి' అని ఒక్కటే రంది. ఆఖరుకు గూడ గదే మాట."

ఇక నేను ఆగలేకపోయాను. "గ్యాస్‌నూనె గాదక్కా. పెట్రోల్ల ఏం కలవలే. తీగ లోపల తెగింది. నేనే సరిగ సూడలే. బావ తప్పేం లేదు," అని ఏడుస్తూ చెప్పాను.

అక్క ఏడవలేదు. "గిది నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"నాట్లప్పుడు."

"నాట్లప్పుడా?" అంది. "మీ బావ అప్పుడు మంచిగనే ఉండె గదరా. నువ్వొచ్చి చెప్తే ఇనకపోవునా?"