మావయ్యగారి ఉయ్యాలకు నేను చేసిన మరమ్మతు

సొంత మావగారిని పట్టపగలు నేల మీదకు దింపిన అల్లుడు కృష్ణా జిల్లాలో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్లి దండం పెట్టుకుంటాను.

అప్పుడే పెళ్లయింది. లోహపు భాగాలు డిజైన్ చేసే ఉద్యోగం నాది. గుడివాడలో మావయ్యగారు మాత్రం అడిగినవాళ్లందరికీ, "కంప్యూటర్లో బొమ్మలేస్తాడండీ" అని చెప్పేవారు. ఎలాగైనా ఆయన నోట 'ఇంజనీరు' అనిపించుకోవాలని పట్టుపట్టాను. సరిగ్గా అప్పుడే ఆయన కునుకు తీసే ఉయ్యాల బల్ల నా కంటపడింది.

"ఇంత లావు ఇనప కడ్డీలెందుకు మావయ్యగారూ? సగం బరువులో అల్యూమినియం పట్టీలు చేయిస్తాను."

"ఇవి బానే ఉన్నాయి కదా బాబూ?"

బాగున్నవాటిని బాగుచెయ్యడానికే కదండీ మేం చదువుకున్నది! అత్త సొమ్ము అల్లుడి దానం అంటారు. నేను మామ నడుముతో ప్రయోగం మొదలుపెట్టాను.

అక్కర్లేని చోటల్లా లోహం తీసేసి, గుండ్రటి మూలల బెజ్జాలు పెట్టి, కంప్యూటరు ములక్కాడంత నాజూకైన పట్టీ గీసిచ్చింది. వర్క్‌షాపు మస్తాన్‌గారు బొమ్మ చూసి, "లోపలి మూలలు ఇంత గుండ్రంగా నా మిషను మీద రావండి, కోసుగా పలకదేరి వస్తాయి. పర్లేదా?" అన్నారు.

"పర్లేదండీ, కోసెయ్యండి."

బిగించాక బల్ల నిండా ధాన్యం బస్తాలు వేసి పొద్దస్తమానం ఉంచాను. చెక్కు చెదరలేదు. మావయ్యగారు "భేష్" అన్నారు. నేను పూరీలా పొంగిపోయాను.

దసరాకు మళ్లీ వెళ్లాం. మావయ్యగారు భోంచేసి, మజ్జిగ గ్లాసుతో ఊగుతున్నారు. టప్పుమని పట్టీ తెగింది. ఆయన నేల మీద, మజ్జిగ ఆయన మీద.

అత్తయ్యగారు పరిగెత్తుకొచ్చారు. "అన్ని బస్తాలకు ఆగింది కదా బాబూ! ఈయన అంతకన్నా బరువా?"

"బస్తాలు ఊగవు కదండీ," అన్నాను ఏడుపుగొంతుతో. "ఊగినప్పుడల్లా భారం ఆ పలక మూల మీదే పడి, అక్కడ పుట్టిన చిన్న పగులు రోజూ కాస్త పాకింది. లోహం అలిసిపోయిందండీ."

"పడుకుంది ఈయనైతే, అలిసిపోయింది అదా?"

చప్పుడు విని పక్కింటి మాస్టారు తొంగిచూశారు. నా పరువు పోయిందనుకున్నాను. మావయ్యగారు నడుం పట్టుకునే, "ఏం లేదు మాస్టారూ, కునుకుపట్టి జారాను. ఉయ్యాలకేం, రాయిలా ఉంది. మా అల్లుడు చేయించాడు, ఇంజనీరు!" అన్నారు.

మాస్టారు ఒంటి పట్టీకి వేలాడుతున్న బల్లను చూశారు, నన్ను చూశారు, "అవునవును" అంటూ వెళ్లిపోయారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

పాత కడ్డీలు నేనే బిగించి, విరిగిన పట్టీ సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకపై కోసేవాళ్లను అడగనిదే గీయను, ఊపు లెక్కవేయనిదే బిగించను, ముందు నేను ఎక్కనిదే ఇంకొకరిని ఎక్కించను. ఇక ఆ ఇంట్లో అత్తయ్యగారు గరిటె బరువుగా ఉందన్నా సరే, నాకు చెవుడు.