హీలర్ సరోజన

సిరిసిల్ల బీవై నగర్‌లో సరోజన అంటే మగ్గాలకు దారం కండెలు చుట్టే సరోజన. చెయ్యి ఎంత వేగమో నోరు అంతకన్నా వేగం. నలభై దాటిన ఆ మనిషి పొద్దూకగానే చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఫోన్‌లో రాక్షసుల మీదికి యుద్ధానికి పోతుందన్న సంగతి వాడకట్టుకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. తెలిశాక నవ్వారు. ఆమెకు నవ్వు కొత్త కాదు కనుక ఆట మానలేదు.

ఈ అలవాటు అంటించింది మేనకోడలు సంధ్యారాణి. జగిత్యాలలో పీజీ చదువుతోంది. దసరా సెలవులకు మేనత్త ఇంటికి వచ్చి, పగలంతా సద్దుల బతుకమ్మకు పూలు కోసి, సాయంత్రం కాగానే ఫోన్ పట్టుకుని మూల కూర్చునేది. "నల్లకోట" అని ఆ ఆట పేరు. నలుగురు స్నేహితులు ఎవరింట్లో వాళ్ళుండి, ఒకే కోటలోకి కలిసి వెళ్ళి, లోపలి రాక్షసుణ్ణి కూల్చి బయటికి రావాలి. సరోజన మొదట పక్కన కూర్చుని చూసింది. తరువాత సలహాలు చెప్పింది. మూడోనాటికి ఫోన్ లాక్కుంది. ఆ మర్నాడు తన ఫోన్‌లోనే ఆట వేయించుకుంది.

కోటలోకి పోయేముందు ఎవరి క్లాస్ వారు ఎంచుకోవాలి. ఆ లోకంలో నువ్వు ఏ పని చేసే మనిషివో అదే నీ క్లాస్. కత్తి పట్టే యోధుడు, దూరం నుంచి బాణం వేసే విలుకాడు, మంటలు కురిపించే మాంత్రికుడు, చీకట్లో నక్కి పొడిచే రోగ్, దెబ్బలన్నీ తన డాలు మీద కాచుకునే ట్యాంక్, గాయాలు మాన్పే హీలర్. ఎవరికి ఏది నచ్చిందో చూస్తే వాళ్ళ గుణం తెలుస్తుందని సంధ్య అంటుంది.

సరోజన ఒక్కొక్కటే వేసి చూసింది. యోధురాలిగా దిగిన మొదటి రోజే, కోట బయట సామాన్లు అమ్మే ముసలాయనను శత్రువనుకుని పొడిచేసింది.

"అయ్యో, గాయన దుకాణపాయననా? మంచిగ చెప్పద్దానే ముందుగాల!"

"అత్తా, నెత్తి మీద పేరు రాసుంది గదా!"

మాంత్రికురాలి పని అసలే నచ్చలేదు. "ఒక మంత్రం ఏసి, మల్ల అది తయారైదాక చేతులు కట్టుకోని కూసునుడేంది? గంత పురుసత్ ఎవలకున్నది?" విల్లు పట్టుకుని రెండు రోజులు ఆడి, "గింత దూరం నిలబడి కొట్టుడు నాకు బుద్ధైతలేదు" అని పక్కన పెట్టింది. రోగ్ వేషం వేసిన పూట చీకటి మూలలో నక్కి, తానే భయపడి అరిచింది.

చివరికి హీలర్. ఆ సాయంత్రం సంధ్య డాలు పగిలింది, ఒంట్లో ప్రాణం గీత మందం మిగిలింది. సరోజన బొటనవేలు ఆనించింది. పచ్చటి వెలుగు ఒకటి పాకి వెళ్ళింది. పడబోయిన మనిషి నిటారుగా నిలబడి మళ్ళీ డాలెత్తింది. సరోజన ఏమీ మాట్లాడలేదు. నోరు మూసుకుని ఆమె ఏ పనినైనా చేసిందంటే అది ఆమె మనసుకు పట్టిందని అర్థం.

సెలవులయ్యాక సంధ్య వెళ్ళిపోయింది కానీ ఆట ఆగలేదు. వాళ్ళ జట్టులో హీలర్‌గా ఉండే రాజేశ్‌కు సాయంత్రం డ్యూటీ పడింది. ఆ ఖాళీలోకి సరోజన వచ్చింది. జట్టుకు పెద్ద సంధ్య, డాలు ఆమెదే. మాంత్రికుడు సంతోష్ ఆమె క్లాస్‌మేట్. తక్కువ మాట్లాడి ఎక్కువ మంట వేసే పిల్లవాడు. రోగ్ మాత్రం కోరుట్ల రంజిత్. అక్కడ ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. తాత సాయిలు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి, నడుముకు కట్టే మోకు సరిచూసుకోకుండా చెట్టు మీద చెయ్యి వేసేవాడు కాదు. మనవడికి చూసుకునే ఓపిక అబ్బలేదు. తలుపు తెరుచుకోకముందే దూకుతాడు.

"ఆంటీ, నమస్తే" అన్నాడు మొదటి రోజు.

"ఆంటీ ఏందిరా? సక్కగ అక్కా అను. లేకపోతే నీకు మందు వెయ్య."

అట్లా అక్క అయింది.

ఇంట్లో ఆమె భర్త రాజనర్సు సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. రోజంతా ఆ చప్పుడులో ఉండి వచ్చిన మనిషి గుమ్మంలోనే నిలబడి అడిగేవాడు: "ఊరందర్ని బతికిస్తున్నవట. గీ పానానికి ఓ గిలాసెడు చాయ్ దొరుకుతదా?"

"నీకు హెల్త్ ఫుల్లున్నది. జర ఆగు."

అయితే జట్టు ఓడిపోవడం మొదలుపెట్టింది. ఒకసారి కాదు, వరుసగా. రంజిత్ దూకి పడేవాడు, సరోజన పరుగెత్తి అతన్ని లేపేది. ఆ ఆటలో పడినవాణ్ణి లేపడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ హీలర్ రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి, ఇంకెవరికీ మందు వెయ్యడానికి ఉండదు. రంజిత్ లేచేసరికి సంతోష్ పడేవాడు. సంతోష్‌ను లేపబోతే సంధ్య డాలు పగిలేది. చివరికి నలుగురూ నేల మీద.

ఇంతలో జగిత్యాలలో కొత్త బస్టాండు దగ్గర గేమింగ్ సెంటర్ వాళ్ళు ఆదివారం పోటీ పెట్టారు. సంధ్య పేర్లిచ్చింది. ఆ రోజు రాజేశ్‌కు సెలవని తెలియగానే రంజిత్ ఊరుకోలేదు.

"రాజేశ్ రానియ్యి సంధ్యా. అక్క మంచిదే, కాదంటలేను. కని హీలర్ గట్ల ఉరుకుతదా? మనం పండుకునుడు, ఆమె లేపుడు. ఇది యుద్ధమా, పొద్దుగాల బడి పోరలను లేపుడా?"

ఆ మాటలప్పుడు సరోజన లైన్‌లోనే ఉంది. రంజిత్‌కు తెలియదు. సంధ్యకు తెలుసు. అతను లైన్ వదిలాక అడిగింది.

"అత్తా... విన్నవా?"

"విన్న. నేను జగిత్యాలకు వస్త. హీలర్‌గనే వస్త. కూసోని చప్పట్లు కొట్టెతందుకైతే రాను."

ఆ రాత్రి సంధ్య ఓడిన ఆట ఒకటి వీడియో పంపింది. పొద్దున కండెల మిషన్ ముందు కూర్చునే ముందు సరోజన దాన్ని చూసింది. తనను తాను అంత దూరం నుంచి చూడటం అదే మొదలు. పచ్చ అంగీ వేసుకున్న చిన్న బొమ్మ ఒకటి పడిన వాళ్ళ వెంట ఉరుకుతోంది. నిలబడిన వాళ్ళకు ఎప్పుడూ వీపే చూపిస్తోంది. సంధ్య ప్రాణం సగమైనప్పుడు చూడలేదు, పావు అయినప్పుడు చూడలేదు. పడ్డాక చూసింది.

ఆమె ఫోన్ పక్కన పెట్టి మిషన్ ఆన్ చేసింది. వరుసగా కదుర్లు తిరుగుతున్నాయి, దారం కండెలకు చుట్టుకుంటోంది. ఒక పోగు తెగింది. మెదడుకు తెలియకముందే చెయ్యి అక్కడుంది, ముడి పడింది, కదురు తిరిగింది. మంచిగా తిరిగే కదుర్ల వైపు ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. చూడనక్కర లేదు. తెగిన చోటికే చూపు, తెగిన చోటికే చెయ్యి. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చింది మొదలు అత్త లసుమవ్వ దగ్గర నేర్చిన పని అదే.

"గిదా సంగతి" అనుకుంది. "నేను కోటల గూడ కండెలే చుడుతున్న."

తెలిసినంత సులువు కాదు మానడం. పొద్దంతా ఆ చెయ్యి అట్లాగే ఉరకాలి, లేకపోతే కండె పాడవుతుంది. సాయంత్రం అదే చెయ్యి ఆగాలి. అందుకని నోటికి పని చెప్పింది. ఆడుతున్నంతసేపూ నిలబడిన వాళ్ళ పేర్లు మాత్రమే గొణిగేది. పేరు అన్నప్పుడల్లా ఆ మనిషి ప్రాణం చూడాలి. పడిన వాడి పేరు నోట రాకూడదు.

"సంధ్య, సంతోష్, రంజిత్. సంధ్య, సంతోష్..."

"ఏందే, కొత్త జపం?" అన్నాడు రాజనర్సు. "నా పేరు ఎప్పుడన్న గిట్ల తలిచినవా?"

"నువ్వు పడబోయినప్పుడు తలుస్త తియ్యి."

మధ్యలో ఒక పొద్దున ఈ కొత్త బుద్ధి మిషన్ దగ్గరికి కూడా వచ్చేసింది. బాగా తిరిగే కదుర్లనే చూస్తూ కూర్చుంది. పక్కన తెగిన పోగు సంగతి మరిచింది. దారం చిక్కుపడి కుప్పయింది. రాజనర్సు ఆ చిక్కును పైకెత్తి పట్టుకుని, "దీన్ని గూడ మందు ఏసి లేపు" అన్నాడు. ఆమె కూర్చుని చిక్కు విప్పింది. సాయంత్రం మళ్ళీ కోటకు పోయింది.

ఆదివారం బస్సెక్కి జగిత్యాలలో దిగేసరికి సంధ్య ఎదురొచ్చింది. సెంటర్‌లో అంతా కుర్రాళ్ళు. చీర కట్టుకున్నది సరోజన ఒక్కతే. గుమ్మంలో ఉన్న పిల్లవాడు "అమ్మా, మీ బాబు లోపల ఉన్నడా?" అని అడిగాడు. "బాబు లేడు, రాక్షసుడు ఉన్నడట, చూసిపోదామని అచ్చిన" అని లోపలికి నడిచింది.

రాజేశ్ అప్పటికే వచ్చి ఒడిలో బ్యాగు పెట్టుకుని కూర్చున్నాడు. ఆటకూ ఆటకూ మధ్య మనిషిని మార్చుకోవచ్చని నియమం ఉంది. రంజిత్ ఒప్పందం పెట్టాడు.

"మొదటి ఆట అక్క ఆడుతది. గెలిస్తే ఆఖరు దాక అక్కనే. ఓడితే రెండో ఆట నుంచి రాజేశ్. మాట మాటే."

"మాటే" అంది సరోజన.

కోట తలుపు తెరుచుకుంది. లోపల రాతి దున్న. సంధ్య డాలుతో ముందుకు నడుస్తుండగానే రంజిత్ ఆమెను దాటి దూకాడు. రెండు పోట్లు పడ్డాయి. మూడోది పడకముందే దున్న తల విసిరింది. రంజిత్ బొమ్మ గోడకు తగిలి కింద పడింది.

"అక్కా, లేపు!"

సరోజన బొటనవేలు అటు వెళ్ళింది. వెళ్ళి, గాలిలో ఆగింది.

"సంధ్య" అంది పైకే. సంధ్య ప్రాణం సగం. మందు వేసింది. "సంతోష్." బాగానే ఉంది. "సంధ్య." మళ్ళీ వేసింది.

"అక్కా! ఏం జేస్తున్నవ్? నేన్ గీడున్న!"

"కనవడ్తున్నవ్. పండుకో."

దున్న కొమ్ములు ఒకసారి గోడలో దిగబడ్డాయి. సంధ్యా, సంతోష్ ఇద్దరూ నిండుగా ఉన్నారు. ఇప్పుడు సందు దొరికిందనుకుని ఆమె రంజిత్ దగ్గరికి పోయి చేతులెత్తింది. సగం వెలుగు వచ్చింది. అతని బొమ్మ తల కదిలింది. అంతలో కొమ్ములు ఊడాయి, దున్న సంధ్య వైపు తిరిగింది.

సగం వేసిన ముడిని వదిలి లేచిన రోజు ఆమె బతుకులో లేదు. ఇప్పుడు వదిలింది. వెలుగు ఆరిపోయింది, రంజిత్ తల మళ్ళీ నేలకు ఆనింది. పక్క కుర్చీలో అతను నెత్తి పట్టుకున్నాడు. సరోజన అటు తిరగలేదు. "సంధ్య, సంతోష్, సంధ్య, సంధ్య" అంటూనే మందు వేసింది. సంధ్య డాలు వంగింది కానీ పగల్లేదు. సంతోష్ తొందరపడకుండా మంట మీద మంట వేశాడు. చాలాసేపటికి దున్న ముందుకాళ్ళు విరిగాయి. తరువాత రాళ్ళుగా విడిపోయి కూలింది.

సంతోష్ అరిచిన అరుపుకు సెంటర్‌లో అందరూ తిరిగి చూశారు. ఆ పిల్లవాడికి అంత గొంతుందని జట్టుకు కూడా తెలియదు.

రంజిత్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేశాడు. "గెలిచినం. కని నేను ఆడనేలేదు."

"పడ్డంక ఎట్ల ఆడుతవ్?" అన్నాడు రాజేశ్.

"నువ్వు ఊకో. సగం లేపి ఇడిసిపెట్టింది నన్ను! ఎవలన్న సగంల ఇడిసిపెడ్తరా?"

"ఇడిసిపెట్టిన" అంది సరోజన. అతని వైపు తిరిగింది. "నిన్ను పట్టుకోని కూసుంటే సంధ్య పడేది. అది పడితే అందరం పడేది. నువ్వు బాధపడుడు నాకు ఇష్టమా? కాదు. కని మల్ల గట్లనే అయితే, మల్ల గట్లనే ఇడిసిపెడ్త."

రంజిత్ ఆమె ముఖం వైపు చూశాడు. హెడ్‌ఫోన్ తీసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. రాజేశ్ లేచి, "నేను చాయ్ తాగొస్త. ఎవలికన్న కావాల్నా?" అని అడిగాడు.

"నాకు" అంది సరోజన. "చక్కెర ఎక్కువెయ్యమను."

తెర మీద రెండో ఆటకు క్లాసుల వరుస వచ్చింది. సంధ్య ఏదో చెప్పేలోగానే సరోజన హీలర్ మీద వేలు పెట్టి ఖాయం చేసింది. తరువాత కుర్చీ ముందుకు జరుపుకుంది.

"రంజిత్, గీ సారి సంధ్య ఎనుక నడువు. ముందల దూకినవో, ఆట అయిపొయ్యేదాక నీ పేరు నా నోట రాదు."

"సరే అక్కా" అన్నాడతను. తలుపు తెరుచుకుంది. నలుగురూ కలిసే లోపలికి అడుగుపెట్టారు.