పొరపాటున వెళ్లిందన్నాను

ఈ సాయంత్రం మా పాప బ్యాగు సోఫాలో పడేసి, "అమ్మా, కొత్త ఇంగ్లీషు మిస్‌కి నువ్వు తెలుసంట. మీ అమ్మా నేనూ కలిసి ఇంగ్లీషు నేర్చుకున్నాం అంది" అంది. పేరడిగాను. సౌజన్య మిస్, అంది. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా కదల్లేకపోయాను. నాలుగేళ్లుగా లోపల మోస్తున్నది నా కూతురి క్లాసులోకి నడిచొచ్చి నిలబడింది.

మా ఆయనకు కూడా చెప్పలేదు ఈ సంగతి. మీరెవరో తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

రాజమండ్రిలో మా అపార్ట్‌మెంట్లో సౌజన్యది ఎదురు ఫ్లాట్. పిల్లల ఎల్‌కేజీ సీట్ల కోసం వెళ్లినరోజు ప్రిన్సిపాల్ మా ఇద్దర్నీ కలిపే పిలిచింది. నన్నేదో అడిగింది. నాకు డిగ్రీ ఉంది. కొవ్వూరులో, తెలుగు మీడియంలో చదివాను. అడిగింది అర్థమైంది, నోరు మాత్రం పెగల్లేదు. నా బదులు సౌజన్య జవాబు చెప్పింది. అక్కడితో ఆగిపోయి ఉంటే ఆమెకు రుణపడి ఉండేదాన్ని. సాయంత్రం లిఫ్టు దగ్గర నలుగురిలో, "ఈవిడ ప్రిన్సిపాల్ గారికి దణ్ణం పెట్టి అలా నిలబడిపోయారండి, హారతిస్తారేమో అనుకున్నాను!" అంది. అందరూ నవ్వారు. నా చెయ్యి పట్టుకున్న పాప కూడా, ఏమీ తెలియకపోయినా, వాళ్లతో కలిసి నవ్వింది.

ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

కింది ఫ్లాట్లో రిటైరైన లెక్చరర్ మేడమ్ ఒకావిడ మధ్యాహ్నాలు మాకు స్పోకెన్ ఇంగ్లీషు నేర్పేవారు. వారానికో చిన్న కథ. కొత్త మాటలు రాసుకుని, ఇద్దరిద్దరం కూర్చుని కథ గురించి ఇంగ్లీషులో మాట్లాడుకోవాలి. చివర్లో అలాంటిది మన జీవితంలో ఏదైనా జరిగిందేమో చెప్పాలి. తప్పులు తర్వాత వినడానికి ఒకరి మాటలు ఒకరు ఫోన్లో రికార్డు చేయాలి. నాకు జోడీగా సౌజన్య పడింది.

ఆ వారం కథలో ఒకామె ఇంట్లో చెప్పకుండా రైల్వే స్టేషనుకు వెళ్లి, వచ్చేపోయే బళ్లు చూస్తూ సాయంత్రందాకా కూర్చుని ఇంటికి తిరిగొస్తుంది. ఎందుకు వెళ్లిందో కథలో లేదు. తనకు తెలుసంది సౌజన్య. మాటల కోసం తడుముకుంటూ చెప్పింది. తన బాబు నెలల పిల్లాడుగా ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం వాణ్ని ఉయ్యాల్లో వదిలి, బయట తాళం వేసి, గోదావరి గట్టుకు వెళ్లి నిలబడిందట. ఇంటికి రావాలో వద్దో తేలలేదట. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిస్తే తిరిగొచ్చిందట. ఎవరికీ తెలియదంది.

తెలుగులో అయితే ఆమె ఆ మాట అనగలిగేది కాదు. మన మాటలో సిగ్గు అడ్డం పడుతుంది, నేర్చుకుంటున్న భాషలో అది ఇంకెవరి సంగతో అన్నట్టు ఉంటుంది. ఇంటికొచ్చి రికార్డు మళ్లీ విన్నాను. జాలి వేసిందా? వేసింది. అదే నిమిషంలో లిఫ్టు దగ్గరి నవ్వు కూడా వినిపించింది.

ఆ రికార్డును అపార్ట్‌మెంట్ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. ఆమె అత్తగారూ ఆ గ్రూపులో ఉన్నారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. అయితే ఏం, విడమరిచి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారని నాకు తెలుసు. ఎవరెవరు చూశారో చూసుకుంటూ కూర్చున్నాను. ఇక చాలనిపించాక తీసేసి, ఎదురు తలుపు కొట్టాను.

"అయ్యో సౌజన్యగారూ, మేడమ్‌కి పంపబోతే పొరపాటున అందులోకి వెళ్లిందండి!"

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా నా చెయ్యి పట్టుకుంది. "ఊరుకోండి. మీరు కావాలని చేస్తారా ఏంటి?"

అప్పుడు నాకు సిగ్గు వేయలేదు. ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను. ఇది కూడా రాయకపోతే మిగిలినదంతా అబద్ధమే అవుతుంది.

ఆ తర్వాత వాళ్లింట్లో బాబును ఆమెతో ఒంటరిగా ఉండనివ్వలేదు. మొదట వాడి పక్క అత్తగారి గదిలోకి మారింది. తర్వాత వాణ్ని తణుకులో ఆడపడుచు ఇంటికి పంపారు. కొన్నాళ్లకు సౌజన్య కూడా ఫ్లాటు వదిలి వెళ్లింది, ఎక్కడికో నాకు తెలియదు. వెళ్తూ నాకు తన డిక్షనరీ ఇచ్చి వెళ్లింది.

ఇప్పుడు నా కూతురు రోజూ ఆమె ముందు కూర్చుంటుంది. ఆమెకు నిజం తెలుసా? తెలిస్తే పిల్లను ఏం చేస్తుంది? ఆమె స్థానంలో నేనుంటే పిల్లను నిలబెట్టి, నలుగురూ దాన్ని చూసి నవ్వేలా చేసేదాన్ని. నా భయమంతా ఇదే. ఆమెను నాలాంటిదనుకుని భయపడుతున్నాను. మరి ఇది పశ్చాత్తాపమేనా? లిఫ్టు దగ్గరి మాటను నేను ఈ రోజుకీ క్షమించలేదు. అది చిన్న మాటే. నేను తీసుకున్నది ఆమె బిడ్డను. బాబు ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటున్నాడా అని పాపను అడగాలనుకున్నాను. హోమ్‌వర్కు ఏముందని అడిగాను.

ఇంతవరకు రాసేసరికి తెల్లారింది. టిఫిన్ పెడుతూ పాపకూ, దాని తమ్ముడికీ చెప్పాను.

"అమ్మ ఒకసారి కోపంతో కావాలనే చెడ్డపని చేసి, పొరపాటని అబద్ధం చెప్పింది. ఇవాళ మిమ్మల్ని నేనే స్కూల్లో దింపుతాను. ఆ సంగతి సౌజన్య మిస్‌కి చెప్పాలి."

చిన్నాడు ఇంకో ఇడ్లీ అడిగాడు. పాప మాత్రం, "మా మిస్ ఇంగ్లీషులోనే మాట్లాడమంటుందమ్మా. నీకొచ్చా?" అంది.

"వచ్చు. కానీ ఇది తెలుగులోనే చెప్పాలి," అన్నాను.