తేడా అన్న మాట

చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర కూర్చునే పిన్నివి గద్ద కళ్లు. ఒక్క కుట్టు వదులుగా కనిపించినా చాలు, "తేడా" అని గుండీకి ఎర్రదారం కట్టి పక్కన పడేస్తుంది. నిజానికి ఆవిడ ఒక్క చిట్టికే పిన్ని. ఆ వరసను ఫ్యాక్టరీ అంతా అరువు తెచ్చుకుంది.

చిట్టి ఆవిడ అక్క కూతురు. తల్లి పోయాక పిన్నే పెంచింది. చదువయ్యాక తెచ్చి కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టింది. పొడుగు పిల్ల, బొంగురు గొంతు, పై పెదవి మీద నూగు. నలుగురు చెవులు కొరుక్కోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? బాత్రూమ్ దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. విని విని పిన్నికి ఒళ్లు మండింది.

"మా పిల్ల పుట్టుకతోనే కాస్త తేడా. దాని జోలికి రాకండి," అంది.

కాపాడాననే అనుకుంది పాపం. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఆ క్షణాన తోచలేదు.

మర్నాడు చిట్టి మిషన్‌కి ఎవరో ఎర్రదారం కట్టారు. చిట్టి దాన్ని విప్పి చెత్తబుట్టలో వేసి పనిలో పడింది. మధ్యాహ్నం మాత్రం రోజూలా పిన్ని పక్కన కాకుండా, క్యారియర్ పట్టుకుని దూరంగా వెళ్లి కూర్చుంది. పిన్ని తన క్యారియర్ మూత మళ్లీ పెట్టేసింది.

ఇంటికెళ్లాక, తేడా అనకపోతే మరేమనాలే అని బిక్కమొహంతో అడిగింది. ఇంటర్‌సెక్స్ అంటారనీ, కొందరు అలా పుడతారనీ, అది లోపమూ కాదు రోగమూ కాదనీ, తను ఆడపిల్లేననీ చిట్టి ఓపిగ్గా చెప్పింది. పిన్నికి ఆ మాట నోరు తిరగలేదు. గిన్నెలు తోముతూ వల్లె వేసింది.

"మాట తప్పయితే దిద్దుకోవచ్చు పిన్నీ," అంది చిట్టి. "కానీ ఆ సంగతి చెప్పాల్సింది నువ్వు కాదు, నేను."

పిన్ని చేతిలో గిన్నె ఆగిపోయింది. పెంచిన చేతులతోనే పిల్లని నలుగురిలో నిలబెట్టేశానని కుమిలిపోయింది.

మరుసటి రోజు మిషన్ల మధ్య నిలబడి, తానన్నది తప్పనీ, ఆ పిల్ల సంగతి చెప్పే హక్కు తనకు లేదనీ అంది. గుండీలు కుట్టే ఆవిడ ఊరుకుంటుందా? అయితే సరైన మాటేదో చెప్పమంది. కష్టపడి నేర్చుకున్న మాట పిన్ని నాలుక చివరే ఉంది. మింగేసింది.

"నన్నడక్కు," అంది.

అప్పట్నుంచి ఆవిడ నోట తేడా అన్న మాటే రాలేదు. చొక్కా పాడైనా తల దించుకుని, దొంగతనం చేస్తున్నట్టు దారం కట్టేది. ఇంట్లో పిన్ని అడిగినదానికి మాత్రం చిట్టి పలికేది. ఫ్యాక్టరీలో ఆ పిల్ల క్యారియర్ ఇంకా దూరంగానే తెరుచుకునేది.

ఒకరోజు చిట్టి తను కుట్టిన చొక్కా తెచ్చి టేబుల్ మీద పరిచింది. కాలర్ ఒక పక్కకి లాగేసి ఉంది. పిన్ని చూసింది. దారం అందుకుంది. తల దించుకుంది.

"చొక్కాని తేడా అనొచ్చు పిన్నీ," అంది చిట్టి.

పిన్ని దారాన్ని గుండీకి చుట్టి, మళ్లీ విప్పేసింది. చిట్టి ఆ దారం తీసుకుని తనే ముడి వేసింది.