క్రిస్మస్ చెట్టు చుట్టూ గొయ్యి

వీడియోలో నా వెనక చెట్టు చుట్టూ ఆ గొయ్యేంటమ్మమ్మా అని అడిగారు కదా. మీ తాతయ్యే తవ్వారు. ఫోన్లో మొదలుపెడితే సగంలోనే మీ ట్యూషన్ టైమవుతుంది, అందుకని రాస్తున్నాను.

అది క్రిస్మస్ చెట్టు, పైన్ లాంటిదే. మనం ఆ పండగ చేసుకోం గానీ, మీ అమ్మ కాలేజీలో ఉండగా గుణదల తిరునాళ్ళకు వెళ్ళి, మూరెడు మొక్కను కుండీతో సహా ఆటోలో ఒళ్ళో పెట్టుకొచ్చింది. నేలలో పెడితే డాబా దాటి పెరిగింది. దీపావళికి దానికి సీరియల్ బల్బులు చుట్టేవాళ్ళం. వంటగది కిటికీలోంచి కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా కనపడేవి. కూరలు తరుగుతూ దానితో మాట్లాడటం నాకు అలవాటు.

నిరుడు ఎండాకాలం కింది కొమ్మలు గోధుమరంగుకు తిరిగాయి. దాహమనుకున్నాను. తులసికోటకు పోశాక దానికీ రెండు చెంబులు, బియ్యం కడిగిన నీళ్ళు, సాయంత్రమైతే పైపు. ఎంత పోస్తే అంత ఎండింది.

పక్కింటాయన గోడ మీంచి చూసి, "పడితే కరెంటు తీగల మీదే పడుద్దండీ" అన్నారు. మీ తాతయ్య వెంటనే చెట్లు కొట్టేవాళ్ళకు ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నారు.

"ఎవరికైనా చూపించి కొట్టించండి" అన్నాను.

"చచ్చినదానికి డాక్టరేంటే?"

నేను రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. శనివారం పొద్దున్నే ఆయనే వెళ్ళి, హనుమాన్ జంక్షన్ దారిలో నర్సరీ నడిపే అతన్ని వెంటబెట్టుకొచ్చారు.

అతను పైకి చూడనే లేదు. చెట్టు మొదట్లో గొంతుక్కూర్చున్నాడు.

"మొదలు కాస్త వెడల్పయి భూమిలోకి దిగాలండీ. ఇదేంటి, కరెంటు స్తంభం పాతినట్టుంది? ఈమధ్య మట్టేమన్నా తోలించారా?"

తాతయ్య గొంతు సవరించుకున్నారు. అంతకుముందు ఏడాది మన వీధిలో రోడ్డు ఎత్తుచేసి వేశారు. వాన నీళ్ళు వాకిట్లోకి వస్తున్నాయని రెండు ట్రాక్టర్ల మట్టి తోలించి, దగ్గరుండి చదును చేయించింది ఆయనే.

అతను గునపంతో జానెడు లోతు తవ్వాడు. పైన పొడి, లోపల బురద, మురుగు కంపు.

"వేళ్ళకు ఊపిరాడట్లేదండీ. నీళ్ళెవరు పోస్తున్నారు?"

"ఇదిగో, ఈ మహాతల్లి" అన్నారు తాతయ్య.

"మట్టి కప్పింది మాత్రం ఈ ఇంజినీరుగారు" అన్నాను.

వేళ్ళు తెగకుండా ఆ మట్టిని చేత్తో కొద్దికొద్దిగా తియ్యాలనీ, నీళ్ళు పూర్తిగా మానాలనీ చెప్పాడు. బతుకుతుందని మాత్రం అనలేదు. గేటు దగ్గర అతన్ని మెల్లిగా అడిగాను. "నిజం చెప్పు బాబూ, దీన్ని ఇంతదాకా తెచ్చింది ఆయన మట్టా, నా నీళ్ళా?"

"ముందు చిగురు రానివ్వండమ్మా, అప్పుడు చెబుతాను."

ఆదివారం వచ్చినవాళ్ళను తాతయ్య టీ ఇచ్చి పంపేశారు. తర్వాత రోజూ పీట వేసుకుని, గిన్నెతో మట్టి తోడేవారు. పోయకుండా ఉండటం నాకింకా కష్టమైంది. చెంబు దానంతటదే అటు తిరిగేది.

కింది కొమ్మలు మళ్ళీ రాలేదు. కార్తీకంలో మాత్రం కొసన లేత పచ్చగా చిగురొచ్చింది. కబురు చేస్తే నర్సరీ అతను వచ్చాడు. చెట్టును చూశాడు, నన్ను చూశాడు, పక్కనే నిలబడ్డ మీ తాతయ్యను చూశాడు. "బాగుందండీ" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

మట్టా, నీళ్ళా?